అమెరికా ప్రదర్శనలకు వెళ్లే తెలుగు కళాకారుల వీసా: పి-3, పి-1బి, ఓ-1బి కాగితాల పని

అమెరికాలో ఉగాదికో, బతుకమ్మకో, రెండేళ్లకోసారి జులై మొదట్లో జరిగే మహాసభలకో మన కళాకారుల్ని పిలిచేటప్పుడు పని ఎప్పుడూ తలకిందులుగా మొదలవుతుంది. ముందు హాలు బుక్ చేస్తారు, తర్వాత పోస్టరు వేస్తారు, టికెట్లు కూడా అమ్మకానికి పెట్టేస్తారు. కళాకారుడి చేతిలో ఏ వీసా ఉంది, ఏది కావాలి అన్న ప్రశ్న ఆఖర్న వస్తుంది. అప్పటికి రెండు నెలలు కూడా మిగలవు. దాంతో "మీకు విజిట్ వీసా ఉందిగా, దాని మీదే వచ్చేయండి" అనే మాట పుడుతుంది. ఆ మాట వల్ల నష్టపోయేది పిలిచినవాళ్లు కాదు, వెళ్లినవాళ్లు. అందుకే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

బి-1 (వ్యాపార పనులు), బి-2 (పర్యటన) అనే విజిట్ వీసాల మీద వృత్తి కళాకారులు అమెరికాలో ప్రదర్శన ఇవ్వకూడదు. టికెట్ పెట్టారా, ఉచితంగా చూపించారా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. "పారితోషికం తీసుకోవడం లేదు, కేవలం విమానం టికెట్, బస మాత్రమే" అని రాసిచ్చినా వృత్తి కళాకారుడు అమెచ్యూర్ అయిపోడు. మినహాయింపులు ఉన్నాయి, కానీ చాలా ఇరుకైనవి. మామూలుగానే డబ్బు తీసుకోకుండా పాడేవాళ్లు, ఆడేవాళ్లు ఏదైనా సామాజిక, ధార్మిక కార్యక్రమంలో ఊరికే పాల్గొనడానికి బి-2 మీద వెళ్లొచ్చు. బహుమతి తప్ప వేరే డబ్బు లేని పోటీలో పాల్గొనొచ్చు. మన ప్రభుత్వం పంపే సాంస్కృతిక బృందం, ప్రభుత్వ ఖర్చుతో, టికెట్ లేని సభలో ప్రదర్శిస్తే బి-1 సరిపోతుంది. సంగీతకారులు అమెరికా స్టూడియోలో రికార్డింగ్ మాత్రమే చేసుకుని, ఆ రికార్డును అమెరికా బయటే అమ్ముతూ, అక్కడ ఒక్క కచేరీ కూడా చేయకపోతే అదీ బి-1 కిందికే వస్తుంది. సినిమా షూటింగ్ బృందం మాత్రం ఈ మినహాయింపుల్లో లేదు. పాటో, నాలుగు సీన్లో తీయడానికి వెళ్లే నటులకీ, కెమెరా బృందానికీ ఓ లేదా పి వర్గం వీసానే కావాలి.

విజిట్ వీసా మీద వెళ్లి పాడి వచ్చినవాళ్లకు దెబ్బ వెంటనే తగలకపోవచ్చు. డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తులో గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలు రాయాలి. ఆ ఖాతాల్లోనే "డల్లాస్‌లో మా లైవ్ కాన్సర్ట్" అన్న పోస్టరు, తేదీతో సహా, ఉంటుంది. పాస్‌పోర్టులో ఆ తేదీకి బి-2 ప్రవేశం ఉంటుంది. అధికారికి వేరే రుజువు అక్కర్లేదు. వీసా కోసం అబద్ధం చెప్పారని తేలితే పడే నిషేధానికి కాలపరిమితి లేదు, అది జీవితాంతం వెంటాడుతుంది. ఒక్క సీజన్ కోసం ఒక గాయకుడి మొత్తం అమెరికా భవిష్యత్తును పణంగా పెట్టడం అన్యాయం. నిర్వాహకులు అడిగినా కళాకారులు ఒప్పుకోవద్దు.

సరైన దారి ఏమిటంటే, ముందు అమెరికాలో ఉన్నవాళ్లు యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలస సేవల విభాగం) దగ్గర ఐ-129 అనే ఫారంతో పిటిషన్ వేయాలి. అది ఆమోదం పొందాక కళాకారుడు ఇక్కడ కాన్సులేట్‌లో వీసా అడగాలి. కళాకారుడు తన కోసం తాను పిటిషన్ వేసుకోలేడు. అమెరికాలోని సంస్థ (తెలుగు సంఘం, నాట్య పాఠశాల, ఈవెంట్ కంపెనీ) గానీ, అమెరికాలో ఉన్న ఏజెంట్ గానీ వేయాలి. ఒక్క ఊళ్లో ఒక్క సంస్థ కార్యక్రమమైతే ఆ సంస్థే వేస్తే చాలు. న్యూజెర్సీ, డల్లాస్, అట్లాంటా, బే ఏరియా అంటూ నాలుగు సంఘాలు నాలుగు వారాంతాలు పంచుకుంటే మాత్రం ఏజెంట్ పద్ధతే మేలు. నలుగురి తరఫున ఒకరు ఏజెంటుగా పిటిషన్ వేస్తారు. దానికి ఆ నలుగురి దగ్గర్నుంచీ అధికార పత్రాలు, ఒప్పందాలు, ప్రయాణ పట్టిక జతచేయాలి. ఒక సంఘం పిటిషన్ మీద వచ్చి, పిటిషన్‌లో లేని మరో సంఘం వేదికెక్కి విడిగా డబ్బు తీసుకోవడం సరికాదు.

ఇక వర్గం ఎంపిక. సగం తిరస్కరణలకు బీజం ఇక్కడే పడుతుందని నా అభిప్రాయం.

సంప్రదాయ కళ అయితే పి-3. కూచిపూడి, పేరిణి, కర్ణాటక సంగీతం, హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ, చిందు యక్షగానం, తోలుబొమ్మలాట, డప్పు వంటివన్నీ దీనికి సహజంగా సరిపోతాయి. ఒక్కరైనా వెళ్లొచ్చు, బృందమైనా వెళ్లొచ్చు. ప్రదర్శన ఒక్కటే కాదు, నేర్పడం, శిక్షణ ఇవ్వడం కూడా పి-3లో ఉంది. కాబట్టి వేసవిలో ఆరు వారాలు కూచిపూడి వర్క్‌షాప్ నడపడానికి వెళ్లే గురువులకు ఇదే సరైనది. పేరుప్రతిష్ఠలు ఎంత ఉన్నాయని ఇందులో అడగరు. కళ ఒక జాతికో, ప్రాంతానికో, సంప్రదాయానికో ప్రత్యేకమైనదా, ఈ కళాకారుడికి అది నిజంగా వచ్చా, అక్కడ జరిగే ప్రతి కార్యక్రమమూ ఆ కళకు సంబంధించినదేనా అన్న మూడు విషయాలే చూస్తారు. అందుకే ఊరు దాటని జానపద కళాకారుడికి కూడా ఈ తలుపు తెరిచే ఉంటుంది. మన సంఘాలు దీన్ని ఇంకా ఎక్కువగా వాడుకోవాలి.

మూడో అంశం దగ్గర జాగ్రత్త అవసరం. పిటిషన్ కూచిపూడిది, కానీ ప్రయాణ పట్టికలో ఒక సాయంత్రం "సినీ సంగీత విభావరిలో ప్రత్యేక నృత్యం" అని ఉంటే మొత్తం కేసే బలహీనపడుతుంది. కళల కలయిక దానంతటది తప్పు కాదు. అర్జెంటీనా నుంచి వచ్చిన ఒక క్లెజ్మర్ (తూర్పు యూరప్ యూదుల సంప్రదాయ సంగీతం) బృందం విషయంలో 2012లో యూఎస్‌సీఐఎస్ అప్పీళ్ల కార్యాలయం, స్కర్‌బాల్ కల్చరల్ సెంటర్ కేసులో, స్పష్టంగా చెప్పింది: సాంస్కృతిక ప్రత్యేకత ఒక్క దేశానికో, ఒక్క స్వచ్ఛమైన సంప్రదాయానికో పరిమితం కానక్కర్లేదు, రెండు సంప్రదాయాలు కలిసి పుట్టిన కళ కూడా ప్రత్యేకం కావచ్చు. అయితే ఆ కలయిక ఎక్కడ పుట్టింది, ఎందుకు ప్రత్యేకం అన్నది కాగితం మీద నిరూపించాలి. కర్ణాటక వయొలిన్‌కు డ్రమ్స్ జోడించి "ఫ్యూజన్" అని పేరు పెట్టినంతలో సరిపోదు.

సినిమా పాటల ఆర్కెస్ట్రా, బ్యాండ్ అయితే పి-3 కుదరదు, పి-1బి చూడాలి. ఇది అంతర్జాతీయ గుర్తింపు ఉన్న బృందానికి. బృందం మొదలై కనీసం ఏడాది కావాలి. సభ్యుల్లో 75 శాతం మంది ఆ బృందంతో ఏడాదికి తక్కువ కాకుండా పనిచేస్తున్నవాళ్లై ఉండాలి. ఎవరు ఏ తేదీ నుంచి ఉన్నారో పేరుపేరునా పట్టిక ఇవ్వాలి. మన ఆర్కెస్ట్రాలు సాధారణంగా ఇక్కడే తడబడతాయి. గాయకుడు ఒక్కడే స్థిరం, వాయిద్యకారులు సెషన్‌ను బట్టి మారుతుంటారు. అమెరికా టూరు కోసం అప్పటికప్పుడు కూర్చిన పది మందిని "బృందం" అని చూపిస్తే 75 శాతం లెక్క తప్పుతుంది. బృందం పేరుతో ఉన్న పాత కరపత్రాలు, చెల్లింపు రికార్డులు, ఒప్పందాలు లేకపోతే వేరే వర్గం వెతుక్కోవడం మంచిది. పైగా పి-1బి బృందానికే గానీ వ్యక్తికి కాదు. గాయకుడొక్కడే విడిగా వెళ్లి అక్కడి స్థానిక వాయిద్యకారులతో పాడతానంటే అది పనికిరాదు.

పేరున్న ప్లేబ్యాక్ గాయకులకు, నటులకు, సంగీత దర్శకులకు, కమెడియన్లకు ఓ-1బి. కళారంగంలో దీనికి కావాల్సింది ఆ రంగంలో సామాన్యస్థాయికి బాగా పైన ఉన్న ప్రత్యేక స్థానం. జాతీయ, అంతర్జాతీయ స్థాయి పెద్ద పురస్కారమో, నామినేషనో ఉంటే ఒక్కటే చాలు. లేకపోతే ఆరు రకాల రుజువుల్లో కనీసం మూడు చూపాలి: పేరున్న నిర్మాణాల్లో ప్రధాన పాత్ర, పత్రికల్లో సమీక్షలు, పేరున్న సంస్థల్లో కీలక స్థానం, వాణిజ్య విజయం, విమర్శకుల, సంస్థల, నిపుణుల గుర్తింపు, తోటివారికన్నా ఎక్కువ పారితోషికం. సినిమా, టీవీ పనికైతే కొలమానం ఇంకా కఠినం. గాయకుడికి ఓ-1 వస్తే, అతనితో ఏళ్లుగా వాయించే కీబోర్డు ప్లేయరుకో, సౌండ్ ఇంజనీరుకో ఓ-2 అడగొచ్చు. అమెరికాలో దొరికే మరో మనిషి ఆ పని ఎందుకు చేయలేడో అందులో వివరించాలి. "అన్నతో పదేళ్లుగా వాయిస్తున్నాడు" అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ పాటలో ఏ మార్పు అప్పటికప్పుడు చేయాలో, రిహార్సల్ లేకుండా అది మరొకరికి ఎందుకు రాదో రాయాలి.

రుజువుల్లో అన్నిటికన్నా బరువు పి-3కి జతచేసే నిపుణుల లేఖలది. విశ్వవిద్యాలయంలో ఆ కళ నేర్పే ఆచార్యులు, అకాడమీలో పనిచేసినవాళ్లు, పేరున్న గురువులు వీటిని రాస్తారు. చాలా లేఖలు ఇలా ఉంటాయి: "ఫలానావారు గొప్ప కళాకారులు. వారి ప్రదర్శన మనోహరం. అమెరికా ప్రేక్షకులు తప్పక చూడాలి." దీంతో ఏ ఉపయోగమూ లేదు. ఇందులో కళ గురించి లేదు, రాసినవారికి ఆ కళ ఎలా తెలుసో లేదు, కళాకారుడు ఏది ఎవరి దగ్గర నేర్చుకున్నాడో లేదు. పనికొచ్చే లేఖలో తోలుబొమ్మలాట గురించి చెప్పాల్సి వస్తే, మేకతోలును శుభ్రం చేసి పలచగా చేసి రంగులద్దే పద్ధతి, కీళ్ల దగ్గర ముక్కలు కట్టి బొమ్మను కదిలించే తీరు, తెర వెనక దీపం, రామాయణ భారత కథలు, పద్యం, మధ్యలో వచ్చే కేతిగాడు, బంగారక్కల హాస్యం ఇవన్నీ ఉంటాయి. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేస్తున్నాయని, ఈ కళాకారుడు ఏ కుటుంబంలో ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఉంటుంది. చివర్లో, ఈ మాటలు చెప్పే అర్హత తనకెలా వచ్చిందో నిపుణుడే రాస్తాడు: ఎన్నేళ్ల పరిశోధన, ఏ పుస్తకాలు, ఏ పదవి. ఆ కళ పేరు కూడా ఎన్నడూ వినని అధికారి చదివి అర్థం చేసుకునేలా ఉండాలి. లేఖలు ఒకే కంప్యూటర్‌లో ఒకే పేరా కాపీ చేసినట్టు కనబడితే అన్నీ కలిసి ఒక్కదాని విలువ కూడా చేయవు.

లేఖలతో పాటు ఆకాశవాణి గ్రేడు పత్రం, దూరదర్శన్ ఒప్పందాలు, ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) ప్యానెల్ పత్రం, సంగీత నాటక అకాడమీ పురస్కారం, రాష్ట్ర ప్రభుత్వ ఉగాది పురస్కారాలు, విశ్వవిద్యాలయ డిగ్రీలు పెట్టండి. తెలుగు పేపర్ కటింగులు పెట్టేటప్పుడు వార్త ముక్క ఒక్కటే కత్తిరిస్తారు, పత్రిక పేరూ తేదీ పోతాయి. పేజీ పైభాగం, తేదీ కనబడేలా మొత్తం పేజీ స్కాన్ చేయండి. ప్రతి తెలుగు కాగితానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం ఉండాలి. అనువదించినవారు "నాకు రెండు భాషలూ వచ్చు, ఈ అనువాదం సంపూర్ణం, సరైనది" అని సంతకం చేసి ఇవ్వాలి. నోటరీ తప్పనిసరి కాదు. సారాంశం రాసి సరిపెట్టడం మాత్రం కుదరదు.

ప్రయాణ పట్టికలో ప్రతి కార్యక్రమానికీ తేదీ, హాలు పేరు, పూర్తి చిరునామా, నిర్వాహక సంస్థ పేరు, చిరునామా, ప్రదర్శించే అంశం ఉండాలి. "జూన్‌లో న్యూజెర్సీ" అని రాస్తే పట్టిక కాదు. "జూన్ 13, శనివారం సాయంత్రం 5 గంటలు, ఫలానా హైస్కూల్ ఆడిటోరియం, వీధి, ఊరు, పిన్ కోడ్, భామాకలాపం, గంటన్నర" అని ఉండాలి. రెండు కార్యక్రమాల మధ్య నెల రోజుల ఖాళీ ఉంటే ఆ ఖాళీలో ఏం చేస్తారో రాయండి. కారణం లేని పొడవాటి ఖాళీలు ఉంటే వీసా గడువు తక్కువ చేసి ఇస్తారు. ఆమోదం వచ్చాక అదే పిటిషనర్ తరఫున అదే రకం మరో ప్రదర్శన కలిస్తే కొత్త పిటిషన్ అక్కర్లేదు. కళాకారుల విషయంలో నిబంధనలు ఆ వెసులుబాటు ఇచ్చాయి. పి-1బి, పి-3 గడువు కార్యక్రమాలకు కావాల్సినంత, గరిష్ఠంగా ఏడాది. ఓ-1 మూడేళ్ల దాకా ఇస్తారు.

అమెరికాలోని కార్మిక సంఘం అభిప్రాయ లేఖ కూడా జతచేయాలి. సంగీతకారులకు అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యూజిషియన్స్, నృత్యానికి ఏజీఎంఏ, సర్కస్, మ్యాజిక్ లాంటి వెరైటీ ప్రదర్శనలకు ఏజీవీఏ, సినిమా నటులకు సాగ్-ఆఫ్ట్రా, సాంకేతిక సిబ్బందికి ఐఏటీఎస్ఈ. సినిమా, టీవీ ఓ-1 అయితే ఒక కార్మిక సంఘం, ఒక నిర్మాతల సంస్థ, రెండిటి లేఖలూ కావాలి. వీళ్లకు పిటిషన్ మొత్తం కాపీ పంపి, వాళ్ల రుసుము కట్టి, లేఖ వచ్చాకే యూఎస్‌సీఐఎస్‌కు పంపడం పద్ధతి. ఈ లేఖ సలహా మాత్రమే, అధికారులు దానికి కట్టుబడి ఉండరు. కానీ లేకుండా పంపితే కేసు ఆగిపోతుంది. మేకప్, లైటింగ్, సౌండ్ సిబ్బందికి విడిగా పి-3ఎస్ లేదా పి-1ఎస్ పిటిషన్, విడిగా లేఖ ఉండాలి. కళాకారుల జాబితాలో లైట్‌మ్యాన్ పేరు కలిపేస్తే అధికారి ప్రశ్నలు పంపుతాడు.

ఖర్చు ముందే తెలిసి ఉంటే సంఘాల కమిటీల్లో గొడవలు తగ్గుతాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి పి వర్గం ఐ-129 రుసుము 1,015 డాలర్లు. లాభాపేక్ష లేని సంస్థలకు, 25 మంది కన్నా ఎక్కువ ఉద్యోగులు లేని చిన్న సంస్థలకు 510. ఓ వర్గానికి ఇవే 1,055, 530. దీనిపైన ఆశ్రయ కార్యక్రమ (అసైలమ్ ప్రోగ్రామ్) రుసుము 600, చిన్న సంస్థకు 300, లాభాపేక్ష లేనివారికి సున్నా. కాబట్టి తెలుగు సంఘం తనది లాభాపేక్ష లేని సంస్థ అని చూపే 501(సి)(3) పత్రం జతచేస్తే 510తో పోతుంది, జతచేయడం మరిచిపోతే రుసుము సరిగా లేదని ప్యాకెట్ తిరిగొస్తుంది. ఒక పిటిషన్‌లో 25 మంది పేర్లే పడతాయి. 28 మంది నృత్యనాటక బృందమైతే రెండు పిటిషన్లు, రెండు రుసుములు. 15 పనిదినాల్లో చూసే ప్రీమియం రుసుము 2,805 ఉండేది, 2026 మార్చి 1 నుంచి 2,965. ఆ 15 రోజుల్లో వచ్చేది ఆమోదమే కానక్కర్లేదు, అదనపు రుజువులు అడిగే నోటీసు కూడా కావచ్చు. దానికి జవాబు పంపాక లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. 2025 అక్టోబర్ 28 నుంచి కాగితపు చెక్కులు తీసుకోవడం లేదు. కార్డుతో అయితే జి-1450, బ్యాంకు ఖాతా నుంచి అయితే జి-1650 ఫారం జతచేయాలి.

పన్నెండు మంది కళాకారులు, ముగ్గురు సహాయక సిబ్బందితో ఒక సంఘం పిలిస్తే పిటిషన్లకు 1,020 డాలర్లు, రెంటికీ ప్రీమియం కడితే ఇంకో 5,930, ఇక్కడ కాన్సులేట్‌లో తలకు 205 చొప్పున 3,075. లాయర్ ఫీజు, కార్మిక సంఘాల రుసుము దీనికి అదనం. వీసాపైన ఇంకో 250 డాలర్ల రుసుముకు 2025 జులైలో చట్టం చేశారు, కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునే రోజున మొత్తం ఎంతో చూసుకోండి. ప్రీమియం అనేది ఆలస్యంగా మేల్కొన్నందుకు కట్టే డబ్బు. కార్యక్రమానికి ఏడాది ముందు నుంచే పిటిషన్ వేయొచ్చు. జులై కార్యక్రమానికి దసరా, దీపావళి మధ్య లేఖలు సేకరించి, సంక్రాంతి నాటికి పిటిషన్ పంపితే ఆ డబ్బు మిగులుతుంది. దాన్ని కళాకారుల పారితోషికంలో కలపొచ్చు.

ఆమోదం వస్తే ఐ-797 పత్రం, దాని మీద మూడు అక్షరాలు, పది అంకెల రసీదు సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యతో ఇక్కడ ఒక్కొక్కరికీ విడివిడిగా డీఎస్-160 నింపాలి. తెలుగువాళ్లకు ఇక్కడ వచ్చే పెద్ద చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరూ పేరూ కలిపి ఒకే గడిలో ఉన్నవాళ్లు మనలో చాలామంది. అలాంటప్పుడు ఆ మొత్తం పేరు సర్‌నేమ్ గడిలో రాసి, రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ (FNU, ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని రాయాలి. పిటిషన్‌లో ఒక వరస, డీఎస్-160లో మరో వరస ఉంటే కౌంటర్ దగ్గర కేసు దొరకదు. రంగస్థలం పేరు వేరు, పాస్‌పోర్టు పేరు వేరు అయినప్పుడు రెండూ ఒకరివే అని చూపే అఫిడవిట్ పిటిషన్‌లోనే ఉండాలి. కటింగులన్నిటిలోనూ రంగస్థలం పేరే ఉండి, పాస్‌పోర్టులో ఇంకో పేరుంటే ఆ పురస్కారాలు ఎవరివో అధికారికి ఎలా తెలుస్తుంది?

పదో తరగతి పాసవని జానపద కళాకారుల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉంటుంది. దాన్ని చూసి ఏజెంట్లు భయపెడతారు, డబ్బు కూడా అడుగుతారు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన 18 దేశాల జాబితాలో అమెరికా లేదు, కాబట్టి ఈ ప్రయాణానికి అది అడ్డంకి కాదు. ఇదే బృందం గల్ఫ్‌కు ఉద్యోగ వీసా మీద వెళ్లేటప్పుడు మాత్రం అది వర్తిస్తుంది.

హైదరాబాద్‌లో వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులోని కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. ఫొటో రెండంగుళాల చదరం, తెల్లటి నేపథ్యం, కళ్లజోడు లేకుండా, ఆరు నెలల లోపు తీసింది. 2025 సెప్టెంబర్ నుంచి తమ పౌరసత్వ దేశంలోనో, నివాస దేశంలోనో మాత్రమే దరఖాస్తు చేసుకోవాలంటున్నారు కాబట్టి, ఇక్కడ స్లాట్ దొరక్కపోతే వేరే దేశానికి వెళ్లి తెచ్చుకునే పాత దారి మూసుకుపోయింది.

ఇంటర్వ్యూలో పి వర్గం వాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం కలిగించాలి. ఓ-1కి ఆ షరతు లేదు, ఓ-2కి, పి-3కి ఉంది. సాంస్కృతిక బృందాల పేరుతో మనుషుల్ని దాటించిన సంఘటనల వల్ల అధికారులు గట్టిగా చూస్తారు. ప్రశ్నలు మామూలువే. "మిమ్మల్ని ఎవరు పిలిచారు? ఏ ఏ ఊళ్లు? ఎంత ఇస్తున్నారు? మీరు ఏం వాయిస్తారు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఈ బృందంలో ఎన్నేళ్లుగా ఉన్నారు?" పాడి వినిపించమనో, ముద్ర పట్టి చూపించమనో అడగొచ్చు. తెలుగులో మాట్లాడే వీలుంది, రాని ఇంగ్లిష్‌తో తడబడాల్సిన పని లేదు. తన పారితోషికం ఎంతో, తను ఏ ఊరు వెళ్తున్నాడో తెలియని సభ్యుడే బృందానికి ప్రమాదం. పిటిషన్ కాపీని నాయకుడు ఒక్కడే దాచుకోకుండా, అందులో ఏముందో తెలుగులో అందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. "ఏదో ఒకటి చెప్పు, మిగతాది మేం చూసుకుంటాం" అనే మధ్యవర్తిని దగ్గరికి రానివ్వొద్దు.

మృదంగం వాయించేవారికి ఆఖరి వారంలో జబ్బు చేస్తే కొత్త పిటిషన్ వేయక్కర్లేదు. పి-1, పి-3 బృందాల్లో ప్రదర్శకుణ్ని మార్చుకోవచ్చు. ఎవరి స్థానంలో ఎవరో రాసిన పిటిషనర్ లేఖ, ఆమోద పత్రం కాపీ కాన్సులేట్‌కు ఇవ్వాలి. కొత్త వ్యక్తికి కూడా ఆ కళలో అనుభవం ఉన్నట్టు కాగితాలుండాలి. సహాయక సిబ్బందిని మాత్రం ఇలా మార్చడానికి వీల్లేదు.

వాయిద్యాల విషయం చాలామంది విమానాశ్రయం దాకా పట్టించుకోరు. బొబ్బిలి వీణ పనస చెక్కది, దానితో ఇబ్బంది లేదు. పాత వీణలకు దంతం, జింక కొమ్ము చెక్కడాలుంటే అవి అమెరికా కస్టమ్స్‌లో స్వాధీనం కావచ్చు, వాటిని ఇంట్లో ఉంచి ప్లాస్టిక్ పని ఉన్నది పట్టుకెళ్లడమే క్షేమం. బ్రెజిల్ రకం తప్ప మిగతా రోజ్‌వుడ్‌తో చేసిన పూర్తయిన వాయిద్యాలకు 2019 నవంబర్ నుంచి సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి అక్కర్లేదు. సౌండ్ సామగ్రి ఎక్కువగా తీసుకెళ్లే బృందాలు ఫిక్కీ (వాణిజ్య పరిశ్రమల సమాఖ్య) దగ్గర ఏటీఏ కార్నె, అంటే తాత్కాలికంగా తీసుకెళ్లే సామగ్రికిచ్చే కస్టమ్స్ పత్రం, తీసుకుంటే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ సుంకం గొడవ ఉండదు.

దిగగానే ఐ-94 రికార్డు (ఏ వర్గం కింద, ఎప్పటిదాకా ప్రవేశమిచ్చారో చూపేది) ఆన్‌లైన్‌లో తీసి చూడండి. పాస్‌పోర్టులో పాత బి-2 వీసా కూడా ఉన్నవాళ్లను పొరపాటున దాని మీదే లోపలికి పంపుతారు. వర్గం పి-3 అని, గడువు సరిగా ఉందని చూసుకోకుండా వేదికెక్కొద్దు. పిటిషన్ మొదలయ్యే తేదీకి 10 రోజుల ముందు ప్రవేశించొచ్చు, ముగిశాక 10 రోజులు ఉండొచ్చు. ఆ రోజుల్లో ప్రదర్శన ఇవ్వకూడదు. నిర్వాహకులు కార్యక్రమాన్ని మధ్యలో రద్దు చేసి పంపేస్తే తిరుగు టికెట్ ఖర్చు వాళ్లదే, చట్టం ఆ బాధ్యతను పిటిషనర్ మీద పెట్టింది. ఇది జానపద బృందాలకు ముందే చెప్పాలి.

పన్ను సంగతి. విదేశీ కళాకారుడికిచ్చే మొత్తంలోంచి 30 శాతం పట్టుకోవడం నిర్వాహకుడి విధి. అది ఖర్చులు తీసేయకముందు లెక్క. భారత్-అమెరికా ఒప్పందంలో కళాకారులకున్న మినహాయింపు ఏడాదికి 1,500 డాలర్ల ఆదాయం దాకానే. పెద్ద టూరైతే సెంట్రల్ విత్‌హోల్డింగ్ అగ్రిమెంట్ కోసం ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) మొదటి కార్యక్రమానికి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. అప్పుడు ఖర్చులు పోను మిగిలే ఆదాయం మీదే పన్ను పట్టుకుంటారు. ఒప్పందం రాసేటప్పుడే పారితోషికం పన్నుకు ముందా, తర్వాతా అన్నది రాసుకోండి. ఎక్కువగా పట్టుకున్నది తిరిగి రావాలంటే మరుసటి ఏడాది 1040-ఎన్‌ఆర్ పన్ను రిటర్ను దాఖలు చేయాలి. దానికి ఎంత పన్ను పట్టుకున్నారో చూపే 1042-ఎస్ పత్రం కావాలి, దాన్ని నిర్వాహకుల దగ్గర్నుంచి అడిగి తీసుకోండి. తిరిగొచ్చే ముందు ప్రతి ఊళ్లో కరపత్రం, తేదీ ఉన్న ఫొటో, స్థానిక పత్రిక వార్త, నిర్వాహకుల లేఖ సేకరించి పెట్టుకుంటే మరో పిటిషన్ వేసేటప్పుడు సగం రుజువులు చేతిలోనే ఉంటాయి.